దృశ్యం 2 మొదటి భాగం ముందు నిలబడుతుందా? (స్పాయిలర్లు నిండా ఉన్నాయి)

బాల్కనీ_టికెట్
చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టొద్దు.

నేను మాట్లాడేది మన వెంకటేష్ దృశ్యం గురించి. మొదటిది 2014 జూలైలో థియేటర్లకి వచ్చింది, శ్రీప్రియ డైరెక్షన్. రెండోది 2021 నవంబర్ 25న నేరుగా ప్రైమ్‌లో దిగింది, ఈసారి మలయాళం కథ రాసిన జీతూ జోసెఫే తీశాడు. మోహన్‌లాల్‌వి, కమల్‌ది, అజయ్ దేవగణ్‌వి అవసరమైన చోట తెచ్చుకోండి. "మలయాళం చూశాక ఇది ఎవడు చూస్తాడు" టైపు ఒక్క లైను కామెంట్లు మాత్రం వద్దు, ప్లీజ్.

నా పాయింట్ ఇది. చాలామంది రెండో భాగాన్ని ట్విస్టు బరువు చూసి తూకం వేస్తున్నారు. క్లైమాక్స్ ట్విస్టు పెద్దది కాబట్టి రెండోదే గొప్పది అంటున్నారు. నాకు అలా అనిపించలేదు. మొదటి భాగంలో హత్య మన కళ్ల ముందే జరుగుతుంది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో, కారు ఏ నీళ్లలో మునిగిందో, ఫోన్ ఏ లారీ ఎక్కిందో అన్నీ మనకి తెలుసు. పోలీసులకి తెలియదు. అందుకే చచ్చిన కుర్రాడి తల్లి, పోలీసు ఐజీగా చేసిన నదియా ఆ ఇంటి చిన్న పిల్లని కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంటే మనకి చెమటలు పడతాయి. మనం ఆ ఇంట్లో మనుషులమైపోతాం, ఆ అబద్ధంలో మనకీ వాటా ఉంటుంది.

రెండో భాగంలో రాంబాబు (వెంకటేష్ పాత్ర) మనకి కూడా ఏమీ చెప్పడు. పోలీసులు ఎంత తెల్లమొహం వేశారో మనమూ అంతే. అంటే మనల్ని ఆ ఇంట్లోంచి బయటికి పంపేశాడు. ట్విస్టు వచ్చినప్పుడు చప్పట్లు కొట్టాం, కానీ భయపడింది ఎక్కడ?

రీల్_నంబర్_ఏడు
సగం ఒప్పుకుంటా, సగం ఒప్పుకోను.

మొదటి భాగంలో మనకి అన్నీ తెలుసు అంటున్నారు. అన్నీ కాదు బ్రో. శవం ఎక్కడుందో చివరి నిమిషం దాకా మనకి తెలియదు. పెరట్లో పాతిపెట్టడం చూశాం, అక్కడే ఉందనుకున్నాం. తవ్వితే పశువు కళేబరం బయటపడినప్పుడు పోలీసుల కంటే మనమే ఎక్కువ ఉలిక్కిపడ్డాం. కొత్త పోలీస్ స్టేషన్ నేల కింద ఉందని తెలిసేది ఆఖరి షాట్‌లో. కాబట్టి మన దగ్గర దాచడం మొదటి భాగం నుంచీ రాంబాబు అలవాటే.

ఇంకోటి. రెండో భాగం మొదలయ్యేదే మనకి ఎక్కువ తెలియజేసి. ఎవడో హత్య చేసి రాత్రిపూట పోలీసులకి దొరక్కుండా పరిగెడుతూ, కట్టడం పూర్తికాని స్టేషన్‌లోంచి రాంబాబు బయటికి రావడం చూస్తాడు. ఆ ఒక్క సీనుతో సినిమా అంతా టైమ్ బాంబు అయిపోయింది. వాడు జైలు నుంచి బయటికి వస్తాడు, నోరు విప్పుతాడు అని మనకి తెలుసు, రాంబాబుకి తెలియదు. ఇది సస్పెన్స్ కాక మరేంటి?

బాల్కనీ_టికెట్
ఆ ఓపెనింగ్ సీన్ బాగుంది, కాదనను. కానీ తర్వాత ఏం చేశాడు? రాంబాబుకి తెలియదు అని మనం టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే ఆయన ఏళ్ల క్రితమే అన్నిటికీ రెడీ. అంటే మన టెన్షన్ మొత్తం వేస్ట్. మొదటి భాగంలో శవం సంగతి దాచింది ఒక్క ముడి. అది తెలిశాక కూడా ముందు సీన్లు అలాగే నిలబడతాయి. రెండో దాంట్లో ముడి విప్పాక వెనక్కి వెళ్లి చూస్తే సగం సీన్లు తేలిపోతాయి.

వానపాట
తేలిపోవండీ, ఇంకా బరువెక్కుతాయి. ఆ మనిషి ఒక్కడే అన్నీ మోస్తున్నాడని తెలిశాక వెంకటేష్ మొహం చూడండి. భార్యకి కూడా చెప్పలేదు. జ్యోతి నిద్ర పట్టక కూర్చుంటుంది, పెద్ద కూతురు అంజుకి ఫిట్స్ వస్తాయి, పోలీసు బండి చూస్తే ఆ పిల్ల వణుకుతుంది. ఇంట్లో ఇద్దరూ అలా కుమిలిపోతుంటే "నేను చూసుకుంటాలే" అనే ఒక్క మాట తప్ప ఏమీ చెప్పడు. చెబితే వాళ్లు ఎక్కడో నోరు జారతారు. జ్యోతి పక్కింటావిడ దగ్గర జారింది కూడా. ఆవిడ పోలీసు డిపార్ట్‌మెంట్ మనిషి అని తేలినప్పుడు నాకు క్లైమాక్స్ కంటే ఎక్కువ షాక్.

మొదటి భాగం హత్యని దాచడం గురించి. రెండోది దాచాక ఆరేళ్లు బతకడం గురించి. క్రైమ్ థ్రిల్లర్లలో ఈ రెండోది ఎవరూ తీయరు. హీరో తప్పించుకోగానే శుభం కార్డు వేసేస్తారు.

గోడమీద_పిల్లి
వానపాట గారూ, మీ పోస్టుకి వంద లైకులు. మీనా మొదటి భాగంలో కంటే రెండో దాంట్లోనే ఎక్కువ నటించింది అని నా అభిప్రాయం. మలయాళంలోనూ ఆవిడే, తెలుగులోనూ ఆవిడే, రెండు భాగాల్లోనూ. ఒకే పాత్రని ఇన్నిసార్లు చేసిన హీరోయిన్ ఇంకెవరైనా ఉన్నారా?

రీల్_నంబర్_ఏడు
చిన్న కూతురు ఎస్తేర్ అనిల్‌ని మర్చిపోయారా? మలయాళం, తెలుగు మాత్రమే కాదు, తమిళం పాపనాశంలో కూడా ఆ అమ్మాయే. ఒకే దెబ్బలు మూడు భాషల్లో తింది పాపం.

ఇంటర్వెల్_బజ్జీ
హహహ. ఆ కానిస్టేబుల్ సీను గుర్తు చేయకండి సార్. మా ఊరి థియేటర్లో ఎవరో తెర మీదకి చెప్పు విసిరారు. వీరభద్రం పాత్ర వేసిన రవి కాలే గారు బయట కనిపిస్తే జనం ఏం చేసేవాళ్లో.

అసలు తేడా అదే కదా. మొదటిది హాల్లో చూశాం. పిల్లని కొడుతుంటే హాలంతా "ఒరేయ్" అని అరిచింది. రెండోది ఇంట్లో దుప్పటి కప్పుకుని చూశాం, మధ్యలో పాజ్ చేసి గ్యాస్ బండ వాడికి డబ్బులిచ్చి వచ్చాం. డీఎన్‌ఏ రిపోర్ట్ మ్యాచ్ కాలేదు అని కోర్టులో చెప్పే సీన్ హాల్లో పడుంటే విజిల్స్‌తో పైకప్పు లేచిపోయేది. హిందీవాళ్లు 2022 నవంబర్‌లో థియేటర్‌లోనే వేశారు, అక్కడ జనం ఎగబడి చూశారు. మనకే ఆ యోగం లేదు.

లా_పాయింట్
కొంచెం ఆలస్యంగా వచ్చాను, మాట్లాడాల్సింది చాలా ఉంది. నేను క్రిమినల్ సైడు ప్రాక్టీసు చేస్తాను కాబట్టి నా చూపు వేరే.

మొదటి భాగం చట్టం దృష్టిలో చాలా గట్టి కథ. ఆ కేసు మొత్తం ఎలిబీ మీద నడుస్తుంది. నేరం జరిగినప్పుడు నేను వేరే చోట ఉన్నాను అని చెప్పేవాడే దాన్ని నిరూపించుకోవాలి, అది సాక్ష్యాధారాల చట్టంలోనే ఉంది. రాంబాబు ఏం చేశాడు? దొంగ సాక్షుల్ని తేలేదు. నిజాయితీపరుల్నే తెచ్చాడు. హోటల్‌వాడు, బస్సు కండక్టరు, సినిమా హాల్ మనిషి, ఎవరూ అబద్ధం ఆడలేదు. తర్వాత చేసిన ప్రయాణాన్ని ముందు రోజు చేసినట్టు వాళ్ల జ్ఞాపకంలో నాటాడు, అంతే. అబద్ధం చెప్పే సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో విరిచేయొచ్చు. నిజమని నమ్మి తప్పు తేదీ చెప్పే సాక్షిని ఏ లాయరూ విరవలేడు. మేం రోజూ చూసేదే ఇది. మనిషికి జరిగిన సంగతి గుర్తుంటుంది, తేదీ గుర్తుండదు. రాంబాబు పట్టుకున్నది ఆ బలహీనతని.

అయితే మొదటి భాగంలో నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న ఒకటుంది. వీళ్లు అసలు ఎందుకు దాచారు? ఆ కుర్రాడు అంజుని వీడియో పెట్టి బెదిరించాడు, ఆమె తల్లిని కూడా అడగరానిది అడిగాడు. ఆత్మరక్షణ హక్కు ఉంది. అప్పటి ఐపీసీ 100 కింద, అత్యాచారం ఉద్దేశంతో దాడి చేస్తే ప్రాణం తీసేంత వరకు ఆ హక్కు వెళ్తుంది. వాదించదగ్గ కేసే. కానీ చచ్చినవాడు ఐజీ కొడుకు, స్టేషన్లో ఉన్నది వీరభద్రం. ఆ రెండూ చూశాక ఏ మధ్యతరగతి మనిషి స్టేషన్ మెట్లెక్కుతాడు? సినిమా ఆ భయాన్ని మొదటి అరగంటలోనే కట్టింది. బోరు కొట్టింది అని అందరూ తిట్టే ఆ అరగంటే.

ఇక రెండో భాగం. నేరం ఒప్పుకోవడం చుట్టూ కథ తిరుగుతుంది, అక్కడే నాకు పంటి కింద రాయి. పోలీసు ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. సినిమా నాటికి అమల్లో ఉన్న 1872 సాక్ష్య చట్టంలో అది సెక్షన్ 25. 27 కింద ఒక మినహాయింపు ఉంది, కస్టడీలో నిందితుడు చెప్పిన దాన్ని బట్టి ఏదైనా కొత్తగా దొరికితే ఆ మేరకు మాత్రం పనికొస్తుంది. కానీ ఇక్కడ అస్థిపంజరాన్ని పోలీసులు వేరే సాక్షి మాట మీద ముందే తవ్వేశారు! రాంబాబు ఒప్పుకోలు వల్ల కొత్తగా దొరికింది సున్నా. కాబట్టి ఆయన అన్నీ ఒప్పుకున్నా పెద్దగా ఒరిగేది లేదు.

రీల్_నంబర్_ఏడు
లాయరు గారూ, అయితే అంత డ్రామా ఎందుకు? మేమంతా "అయిపోయాడు రా" అని తల పట్టుకున్నాం!

లా_పాయింట్
ఆయన ఒప్పుకుంది కోర్టు కోసం కాదు, ఆ గదిలో భార్యాపిల్లల్ని వదిలిపెట్టించడానికి. అలా చూస్తే సీన్ నిలబడుతుంది. జీతూ జోసెఫ్ ఇంకో తాళం కూడా వేశాడు. ఒప్పుకున్న కథ ముందే పుస్తకంగా అచ్చై ఉంది. "పోలీసులు నవల చదివి నా క్లయింటు నోట్లో ఆ మాటలు పెట్టారు" అని డిఫెన్స్ అంటుంది. నాలాంటివాడికి ఆ పాయింటే నచ్చింది, డీఎన్‌ఏ ట్విస్టు కంటే.

పెన్సిల్_ములుకు
డీఎన్‌ఏ దగ్గరే నా గొడవ. ల్యాబు పని కొంచెం తెలిసినదాన్ని.

ఎముకల నుంచి, ముఖ్యంగా పళ్లు, తొడ ఎముక నుంచి డీఎన్‌ఏ తీసి తల్లిదండ్రుల రక్తంతో పోల్చడం వరకు కరెక్టే. కానీ స్టేషన్ నేల తవ్వినప్పుడు ఏం జరుగుతుంది? పంచనామా రాస్తారు. ఫోటోలు తీస్తారు. ఎముకల్ని లెక్కపెట్టి, ప్యాక్ చేసి, సీలు వేసి పంపుతారు. ల్యాబులో ముందు ఆ సీలు చెక్కుచెదరలేదని చూసి రాసుకుంటారు. మధ్యలో కాపలా మనిషితో పరిచయం పెంచుకుని మొత్తం అస్థిపంజరాన్నే మార్చేశాడంటే, తవ్వినప్పటి ఫోటోల్లో పళ్ల వరసకీ, తర్వాత ఉన్న పుర్రెకీ తేడా ఎవరికీ కనిపించలేదా? పుర్రెని ఫోటో మీద పెట్టి పోల్చే పద్ధతి డీఎన్‌ఏ కంటే చాలా పాతది. రిపోర్టు తేడా వచ్చిన రోజే రెండో భాగంలో ఐజీగా చేసిన సంపత్ రాజ్ గారు ఆ ఫోటోలు తెప్పించుకుని పక్కపక్కన పెట్టుంటే సినిమా ఇంకో అరగంట నడిచేది.

మొదటి భాగంలో ఇలాంటి కన్నాలు తక్కువ. ఎందుకంటే అందులో రాంబాబు మనుషుల జ్ఞాపకాలతో ఆడాడు. రెండో దాంట్లో వ్యవస్థతో ఆడాడు. వ్యవస్థకి కాగితాలుంటాయి.

గోడమీద_పిల్లి
కాగితాలుంటాయి అన్నారు గానీ, కొన్ని ఆఫీసుల్లో ఆ కాగితాలు ఎలా ఉంటాయో మనకి తెలియనిదా :)

ఇంటర్వెల్_బజ్జీ
పిల్లీ, నువ్వు గోడ దిగి ఏదో ఒక పక్కకి రా ముందు. ఏ భాగం గొప్పది?

గోడమీద_పిల్లి
దిగను. మొదటి భాగం ఫస్టాఫ్, రెండో భాగం సెకండాఫ్ కలిపి ఒక సినిమా చేస్తే అదే నా ఫేవరెట్.

కథ_కంచికి
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. ట్విస్టుని ఎలా విప్పారు అన్నది. మొదటి భాగంలో ఆఖర్న డైలాగు దాదాపు లేదు. కొత్త స్టేషన్‌లో రాంబాబు కూర్చుంటాడు, ఫ్లాష్‌బ్యాక్‌లో పలుగూ పారా, అయిపోయింది. మనమే కలుపుకుంటాం. కలుపుకున్న ఆ సెకనులో వచ్చే మజా వేరు.

రెండో భాగంలో రచయిత పాత్ర వేసిన తనికెళ్ల భరణి గారు ఐజీ ముందు కూర్చుని కథ మొత్తం చెబుతారు. హీరో శ్మశానంలో పనిచేసే మనిషిని ఎలా మంచి చేసుకున్నాడు, అదే వయసు కుర్రాడి ఎముకలు ఎలా సంపాదించాడు, ఎలా మార్చాడు. భరణి గారి గొంతు కాబట్టి విన్నాం గానీ, అది కథ చెప్పడమే కదా, చూపించడం కాదుగా. జరిగింది అదే అని మధ్యలో షాట్లు వేశారు, సరే. అయినా లెక్కల మాస్టారు బోర్డు మీద జవాబు ముందే రాసేసి స్టెప్పులు తర్వాత వివరించినట్టుంది.

వానపాట
అక్కడ నాకు వేరేలా కనిపించింది. మొదటి భాగంలో రాంబాబు సినిమాలు చూసి నేర్చుకున్నాడు. కేబుల్ ఆఫీసులో రాత్రుళ్లు కూర్చుని చూసినవన్నీ వాడుకున్నాడు. రెండో దాంట్లో థియేటర్ ఓనరు, సినిమా తీస్తానంటాడు, తన కథకి తనే క్లైమాక్స్ రాసుకున్నాడు. ఒకప్పటి ప్రేక్షకుడు రచయిత అయ్యాడు. ఆ ఎదుగుదల చూపించాలంటే ఆ కథ ఒక రచయిత నోటి నుంచే రావాలి.

బాల్కనీ_టికెట్
ఇది ఒప్పుకుంటా. బాగా చెప్పారు.

ఊరు మారిన తీరు కూడా రెండో భాగంలో బాగా పట్టుకున్నారు. కేబుల్ రాంబాబుగా ఉన్నప్పుడు "మావాడు అలాంటోడు కాదు" అని ఊరంతా పోలీసుల మీద తిరగబడింది. థియేటర్ కట్టి, కారు కొని, నాలుగు డబ్బులు కనిపించేసరికి అదే ఊరు "వాడే చేసుంటాడు" అంటోంది. టీ కొట్టు దగ్గర అంజు గురించి మాట్లాడే మాటలు వింటే ఒళ్లు మండుతుంది. సాక్ష్యం ఏమీ మారలేదు, వాడి బ్యాంకు బ్యాలెన్స్ మారింది.

ఇంటర్వెల్_బజ్జీ
సీక్వెల్స్‌లో హిట్ సిరీస్‌ది ఇంకో దారి. హిట్ 1లో విశ్వక్ సేన్, హిట్ 2లో అడివి శేష్, కేసు కొత్తది, ఊరు కొత్తది. బరువు తక్కువ. పాత సినిమాతో ఎవడూ సీన్ బై సీన్ పోల్చడు. దృశ్యం 2 అదే ఇల్లు, అదే శవం, అదే మనుషులతో దిగింది. ఆ ధైర్యానికే నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తా.

మోడరేటర్
ఫ్రీ డౌన్‌లోడ్ లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. హీరోల ఫ్యాన్ గొడవ కూడా ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్ ఉంది.

చీకట్లో_సీటు
కొత్త మెంబర్‌ని. మొన్న మా అమ్మతో రెండూ వరసగా చూశాను. రెండోది అయిపోయాక నేను ట్విస్టు గురించి ఎగిరి గంతేస్తుంటే అమ్మ ఒకటే అడిగింది. "ఆ ఇంకో ఎముకలు ఎవరి పిల్లాడివి?"

నాకు జవాబు తోచలేదు. చచ్చిన కుర్రాడి తండ్రి ప్రభాకర్, కొడుకు అస్థికల కోసం బతిమాలతాడు, రాంబాబు చివరికి బూడిదైనా అందేలా చేస్తాడు, మనం కరిగిపోతాం. మరి ఆ రెండో కుర్రాడు? వాడు ఏ తప్పూ చేయలేదు. వాడి ఎముకలు పోలీసు సాక్ష్యంగా పెట్టెలో ఉండిపోయాయి. వాడికీ ఒక తల్లి ఉంటుంది కదా.

వానపాట
మీ అమ్మగారికి నమస్కారం. ఈ సినిమా మీద చదివిన రివ్యూల్లో ఎక్కడా ఈ ప్రశ్న చూడలేదు.

కథ_కంచికి
రెండు భాగాలకీ అసలు తేడా ఇదే కావచ్చు. మొదటి దాంట్లో రాంబాబు వాడుకున్నది బతికున్న మనుషుల జ్ఞాపకాల్ని, ఎవరికీ నష్టం లేదు. చచ్చినవాడి మీద మనకి జాలి లేదు. అందుకే హాయిగా ఆయన పక్కన నిలబడ్డాం. రెండో దాంట్లో సంబంధం లేని ఒక కుటుంబం దుఃఖాన్ని దొంగిలించాడు. సినిమాకి అది తెలుసు అనుకుంటా, అందుకే ఆ షాట్లు అంత వేగంగా పరిగెత్తించేశారు. అక్కడ ఒక్క నిమిషం ఆగుంటే రాంబాబు హీరోగా మిగిలేవాడు కాదు. లేదా ఇంకా పెద్ద సినిమా అయ్యేది.

రీల్_నంబర్_ఏడు
అబ్బా, అంత లోతుకెళ్తే ఏ థ్రిల్లరూ చూడలేం గురూ. వాడు కూతురి కోసం చేశాడు.

చీకట్లో_సీటు
ప్రభాకర్ వాళ్లావిడ చేసింది కూడా కొడుకు కోసమే కదండీ.

లా_పాయింట్
శ్మశానంలో చొరబడి శవానికి అపచారం చేయడం అప్పటి ఐపీసీ 297 కిందికి వస్తుంది. ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. హత్య కేసులో ఎవరికీ చిక్కని మనిషి ఇందులో చిక్కే అవకాశం ఉంది.

ఇంటర్వెల్_బజ్జీ
లాయరు గారూ, మీరు ఇప్పుడే మూడో భాగం కథ ఇచ్చేశారు! మలయాళంలో దృశ్యం 3 ప్రకటించారు కూడా, ఎవరైనా ఈ థ్రెడ్ స్క్రీన్‌షాట్ పంపండయ్యా.

గోడమీద_పిల్లి
ముందు పుస్తకంగా అచ్చేయించుకోండి, తర్వాత పంపండి. రాంబాబు నేర్పిందే కదా.

పెన్సిల్_ములుకు
ఆ కథలోనైనా ల్యాబుకి వచ్చిన ప్యాకెట్ సీలు ఎవరైనా చూస్తారని ఆశిస్తున్నా.